మైకోబాక్టీరియా గ్రోత్ ఇండికేటర్ ట్యూబు

మైకోబాక్టీరియా గ్రోత్ ఇండికేటర్ ట్యూబు అనేది క్షయ బాక్టీరియా పెరుగుదలను, దానిపై మందుల ప్రభావాన్ని తెలుసుకొనుటకు ప్రయోగశాలలలో వాడే పరీక్షనాళిక. దీనిని క్లుప్తంగా ఎంజీఐటీ అంటారు. అడుగున అమర్చిన ఆక్సిజన్ సెన్సారు ఇందులో ముఖ్య భాగం.

అవసరం

ఇ. కోలై బాక్టీరియా అనుకూల పరిస్థితులలో సుమారు 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. క్షయ బాక్టీరియాకు ఇందుకు సుమారు 20 గంటలు పడుతుంది. అందుచేత కోడిగ్రుడ్డుతో తయారుచేసే లోవెన్‌స్టీన్-జెన్సెన్ ఘన యానకంపై అది కంటికి కనిపించేంతగా పెరగడానికి సాధారణంగా 3 నుండి 8 వారాలు కావాలి. ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి మరికొన్ని వారాలు పడుతుంది. ఈలోగా రోగికి పనిచేయని మందు ఇస్తే వ్యాధి ముదురుతుంది, ఇతరులకు కూడా సోకుతుంది.

పనిచేసే విధానం

నాళికలో 7 మిల్లీలీటర్ల ద్రవ యానకం ఉంటుంది. దాని అడుగున సిలికోన్‌లో పొదిగిన రుథీనియం సమ్మేళనం ఉంటుంది. అతినీలలోహిత కాంతి పడినప్పుడు ఇది నారింజ రంగులో ప్రకాశించే గుణం కలది. అయితే ద్రవంలో కరిగియున్న ఆక్సిజన్ ఆ ప్రకాశాన్ని అణచివేస్తుంది. బాక్టీరియా పెరుగుతూ ఆక్సిజన్‌ను వినియోగించుకొనగా ప్రకాశం బయటపడుతుంది. అనగా సెన్సారు గుర్తించేది బాక్టీరియాను కాదు, ఆక్సిజన్ తరుగుదలను.

బాక్టెక్ ఎంజీఐటీ 960 అనే యంత్రం 960 నాళికలను 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, గంటకొకసారి పరిశీలిస్తుంది. 42 రోజుల వరకు పెరుగుదల లేకున్న ఫలితం నెగెటివ్‌గా పరిగణిస్తారు.

మందుల పరీక్ష

ఒక నాళికలో మందు కలుపుతారు. మందు లేని మరొక నాళికలో బాక్టీరియాను 100 రెట్లు పలుచన చేసి వేస్తారు. 1 శాతం బాక్టీరియా మందును తట్టుకొన్నా దానిని నిరోధకతగా భావించుటయే ఇందుకు కారణం. మందు లేని నాళికలో పెరుగుదల సూచిక 400కు చేరినప్పుడు మందు ఉన్న నాళికలో అది 100 లేక అంతకు మించి ఉంటే బాక్టీరియా ఆ మందుకు లొంగనట్లు, తక్కువైతే లొంగినట్లు లెక్క. ఫలితం 4 నుండి 13 రోజులలో తెలుస్తుంది.

కలిపే మందు మోతాదు కీలకం. రిఫాంపిసిన్ మోతాదు పూర్వం మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము. కొన్ని నిరోధక రకాలు దీనికి దొరకకుండా తప్పించుకొనుచున్నందున 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని 0.5కు తగ్గించింది.

పరిమితులు

ఇతర సూక్ష్మజీవులు కూడా ఆక్సిజన్‌ను వాడుకొంటాయి. కనుక నాళిక ప్రకాశించినంత మాత్రాన క్షయ అని చెప్పరాదు. జీల్-నీల్సన్ రంజనం, తదుపరి గుర్తింపు పరీక్షలు అవసరం. జన్యు పరీక్షలు రిఫాంపిసిన్ నిరోధకతను సుమారు 2 గంటలలో తెలుపగలవు. కాని అవి ముందే తెలిసిన జన్యుమార్పులనే వెదకుతాయి, మృత బాక్టీరియాను సజీవమైన దాని నుండి వేరుచేయలేవు. మందు సమక్షంలో బాక్టీరియా నిజంగా పెరుగుతున్నదా అనే ప్రశ్నకు సమాధానం వర్ధనం ద్వారానే లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

క్షయ
బాక్టీరియా
రాబర్ట్ కోచ్