సీసాపై నున్న మాట

ఆంగ్లమున నొక్కటిగఁ దోఁచి యర్థమున వేఱగు పదములును, వ్యతిరేకములుగఁ దోఁచి యర్థమున నొక్కటగు పదములును గలవు. పరీక్షలో వానిని దాఱుమాఱు చేసినచో మార్కులే పోవును. ఇంట నట్లు చేసినచో ప్రాణమునకే ముప్పు రావచ్చును.

బిడ్డల మందునకు ‘టీస్పూన్’ అని వ్రాసియున్నచో 5 మిల్లీలీటర్లు. ‘టేబుల్‌స్పూన్’ అనఁగా 15 మిల్లీలీటర్లు. మొదటిదానికి మాఱుగ రెండవది పోసినచో మందు మూఁడింతలగును. వంటయింటి చెంచా లన్నియు నొక్క కొలతవి కావు. కావున మందుతో వచ్చిన కొలతమూఁతనే వాడవలయును.

‘ఫ్లేమబుల్’ అనఁగా సులభముగ మండునది. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అనఁగా మండనిదని పలువురు తలంతురు. ‘కరెక్ట్’ అను మాటకు ‘ఇన్‌కరెక్ట్’ వ్యతిరేకమగుటయే యీ భ్రాంతికి మూలము. కాని యిచ్చట ‘ఇన్’ నిషేధమును దెలుపదు. నిప్పంటించుట యను నర్థముగల లాటిను క్రియనుండి యీ పదము పుట్టినది. కావున రెండింటికిని అర్థ మొక్కటియే. మండనిదానిని ‘నాన్‌ఫ్లేమబుల్’ అందురు. సెంటు, దోమలమందు మున్నగువాని స్ప్రే డబ్బాలపై మొదటి రెండు మాటలలో నేది కనఁబడినను, వానిని పొయ్యికి దూరముగ నుంచవలయును.

సోదరీమణులారా! మాటను బూర్తిగఁ జదివిన పిమ్మటనే మూఁత దీయుఁడు.