చలికాలంలో బండి బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది?

కోరాపుట్ వంటి ఎత్తైన ప్రాంతాల్లో చలికాలపు ఉదయాన మోటారు సైకిలు సెల్ఫ్ స్టార్ట్ మొరాయించడం పరిపాటి. చలికి బ్యాటరీలోని రసాయనిక చర్య మందగిస్తుంది. ఇంజిన్ ఆయిల్ చిక్కబడి స్టార్టరుకు ఎక్కువ విద్యుత్తు కావలసివస్తుంది. అయితే, పదేపదే చార్జి దిగిపోవడానికి చలి ఒక్కటే కారణం కాదు. కొత్త బ్యాటరీకి డబ్బు వెచ్చించేముందు ఈ పరీక్షలు జరిపించాలి.

పూర్తిగా చార్జి చేసిన 12 వోల్టుల బ్యాటరీకి నెగెటివ్ తీగ విప్పి రాత్రంతా ఉంచాలి. ఉదయం మీటరు 12.4 వోల్టులకన్నా తక్కువ చూపితే లోపం బ్యాటరీదే. తీగ విప్పితే నిలిచి, తగిలిస్తే దిగిపోతే, అదనపు దీపాలు, హారన్ల వైరింగులో విద్యుత్తు వృథా అవుతున్నట్టు. ఇంజిన్ వేగం పెంచినా సుమారు 14 వోల్టులు రాకుంటే చార్జింగు కాయిల్‌ను, రెగ్యులేటరును చూపించాలి. అన్నీ సరిగా ఉంటే, రోజూ కొద్ది దూరమే నడపడం కారణం కావచ్చు. స్టార్టరు వాడిన చార్జి తిరిగి నిండదు. అట్టి బండిని ఉదయాన కిక్‌తో ప్రారంభించడం మేలు.