సయామీస్ పిల్లి రోమవర్ణం: జన్యువు, ఉష్ణోగ్రతల ఉమ్మడి ఫలితం

శస్త్రచికిత్స కోసం వెంట్రుకలు గొరిగిన చోట, కొన్ని వారాల తరువాత సయామీస్ పిల్లికి ముదురు రంగు మచ్చ ఏర్పడుతుంది. దీనిని చూసిన యజమాని చర్మవ్యాధిగానో, వైద్యుని పొరపాటుగానో భావించే అవకాశం ఉంది. నిజానికి అది ఈ జాతి సహజ లక్షణం. దీని వెనుక ఉన్న కారణాన్ని తెలుసుకుంటే, జీవి రూపాన్ని జన్యువుతో పాటు పరిసరాలు కూడా ఎలా నిర్ణయిస్తాయో స్పష్టమవుతుంది.

జాతి పుట్టుక, శరీర లక్షణాలు

సయామీస్ జాతికి జన్మస్థానం నేటి థాయ్‌లాండ్, అంటే పూర్వపు సయాం దేశం. అక్కడి పాత చిత్రసహిత గ్రంథాలలో ఈ పిల్లుల వర్ణన కనిపిస్తుంది. 1871లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన పిల్లుల ప్రదర్శనతో ఇవి ఐరోపా ప్రజల దృష్టిలో పడ్డాయి. నేటి ప్రదర్శన రకానికి సన్నని పొడవైన శరీరం, త్రికోణాకారపు తల, పెద్ద చెవులు, బాదం గింజ ఆకృతిలో ఏటవాలుగా ఉన్న నీలికళ్లు ఉంటాయి. గుండ్రని తల గల పాత రకాన్ని కొన్ని సంస్థలు ‘థాయ్’ పేరుతో వేరుగా గుర్తిస్తున్నాయి. రోమాలు పొట్టిగా, నున్నగా, మెరుపుతో శరీరానికి అంటుకొని ఉంటాయి.

శరీరం లేతగాను, ముఖం, చెవులు, పాదాలు, తోక ముదురుగాను ఉండడం ఈ జాతి ప్రధాన గుర్తు. ఈ ముదురు భాగాలను పాయింట్లు అంటారు.

పాయింట్లు ఏర్పడే విధానం

రోమాలకు రంగునిచ్చే మెలనిన్ తయారీలో మొదటి మెట్టును టైరోసినేజ్ అనే ఎంజైము నడిపిస్తుంది. సయామీస్ పిల్లులలో ఈ ఎంజైము జన్యువులోని ఉత్పరివర్తనం వల్ల ఒక గ్లైసిన్ స్థానంలో ఆర్జినిన్ చేరింది. ఈ మార్పుతో ఎంజైము వేడికి తట్టుకోలేనిదిగా మారింది. పిల్లి శరీర సహజ ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. వెచ్చగా ఉండే మొండెం భాగంలో ఎంజైము దాదాపు పనిచేయదు, కావున అక్కడ రోమం లేతగా పెరుగుతుంది. చల్లగా ఉండే చెవులు, పాదాలు, తోక వంటి అంచు భాగాలలో అది పనిచేసి మెలనిన్ తయారవుతుంది. హిమాలయన్ కుందేలు రంగుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

తల్లి గర్భం వెచ్చగా ఉండటం వల్ల కూనలు దాదాపు తెల్లగా పుడతాయి. పాయింట్లు పుట్టిన కొన్ని వారాలలో క్రమంగా తేలుతాయి. చల్లని వాతావరణంలో పెరిగిన పిల్లుల శరీరం మరింత ముదురుగా ఉంటుంది. వయస్సు పెరిగేకొద్దీ కూడా శరీరపు రంగు ముదురుతుంది. రోమం గొరిగిన చోట చర్మం చల్లబడటంతో కొత్త రోమం ముదురుగా వస్తుంది. తరువాత పాత రోమం రాలి కొత్తది పెరిగేటప్పుడు ఆ మచ్చ క్రమంగా తొలగిపోతుంది. సయామీస్ పిల్లులపై ఉష్ణోగ్రత ప్రభావాన్ని వివరించే పరిశోధన 1930లోనే వెలువడింది.

రంగుల రకాలు

పాయింట్ల స్థానాన్ని టైరోసినేజ్ జన్యువు నిర్ణయించగా, వాటి రంగును ఇతర జన్యువులు నిర్ణయిస్తాయి. ప్రధానమైనవి నాలుగు రకాలు.

సీల్ పాయింట్: నలుపుకు దగ్గరైన ముదురు గోధుమ రంగు. నలుపు జన్యువు, గాఢత జన్యువు రెండూ బహిర్గత రూపంలో ఉంటాయి.

బ్లూ పాయింట్: నీలి ఛాయ గల బూడిద రంగు. గాఢతను తగ్గించే అంతర్గత జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది.

చాక్లెట్ పాయింట్: లేత గోధుమ రంగు. గోధుమ వర్ణపు అంతర్గత జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది.

లైలాక్ పాయింట్: గులాబి ఛాయ గల లేత బూడిద రంగు. పై రెండు అంతర్గత లక్షణాలూ కలిసి ఉంటాయి.

రెండు జన్యువులకూ విషమయుగ్మజాలైన సీల్ పాయింట్ పిల్లులను జతకలిపితే సీల్, బ్లూ, చాక్లెట్, లైలాక్ రకాలు సగటున 9:3:3:1 నిష్పత్తిలో రావచ్చు. లైలాక్ జతకు లైలాక్ కూనలే పుడతాయి. పాయింట్ల లక్షణం కూడా అంతర్గతమైనదే. అందువల్ల శుద్ధమైన పూర్తి రంగు గల పిల్లితో సంకరపరిస్తే మొదటి తరంలో ఒక్క కూనకూ పాయింట్లు రావు. ఆ తరం పిల్లులను తమలో తాము జతపరిస్తే సగటున నాలుగింట ఒక వంతుకు తిరిగి వస్తాయి. ఎరుపు, తాబేటిచిప్ప, చారల పాయింట్లు కూడా ఉన్నాయి. వీటిని కొన్ని సంస్థలు సయామీస్‌గా, మరికొన్ని వేరే జాతిగా పరిగణిస్తాయి. ఎరుపు జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉన్నందున తాబేటిచిప్ప రకం సాధారణంగా ఆడ పిల్లులలోనే కనిపిస్తుంది.

రంగుతో ముడిపడిన లోపం

మెలనిన్ లోపం చర్మానికి, రోమానికే పరిమితం కాదు. కంటి పెరుగుదలలోనూ మెలనిన్‌కు పాత్ర ఉంది. సయామీస్ పిల్లులలో కంటి నుంచి మెదడుకు వెళ్లే నాడీతంతువులలో సాధారణం కంటే ఎక్కువ భాగం ఎదుటి వైపునకు దాటుతాయి. దీనివల్ల రెండు కళ్ల దృశ్యాలను కలిపి లోతును గ్రహించే శక్తి తగ్గుతుంది. పూర్వం ఈ జాతిలో తరచుగా కనిపించిన మెల్లకన్ను దీనికి సంబంధించినదే. మెల్లకన్ను లేని పిల్లులను ఎంపిక చేస్తూ పోవడంతో ఆ బాహ్య లక్షణం తగ్గింది. కాని నాడీమార్గపు మార్పు మెల్లకన్ను లేని పిల్లులలోనూ ఉంటుంది. కంటికి కనిపించే లోపాన్ని తొలగించినంత మాత్రాన దాని మూలం తొలగినట్లు కాదని పశుప్రజనన రంగంలోని వారందరూ గమనించాలి.

ఆచరణలో గమనించవలసినవి

పిల్లికి గర్భాశయం తొలగించే శస్త్రచికిత్సకు ముందే రోమపు రంగు మార్పును గురించి యజమానికి తెలపాలి. డొక్క పక్క నుంచి కాక పొట్ట మధ్యరేఖ నుంచి చేస్తే మచ్చ అంతగా కనిపించదు. జతకు ఎంపిక చేసేటప్పుడు శరీరపు లేత రంగును మాత్రమే ప్రమాణంగా తీసుకోరాదు. అది వయస్సు, వాతావరణాలను బట్టి మారుతుంది. ఈ జాతిలో అంధత్వానికి దారితీసే అంతర్గత జన్యువు కూడా ఉంది. దీనికి జన్యు పరీక్ష అందుబాటులో ఉన్నందున, జతపరచడానికి ముందు ఆ పరీక్ష చేయించడం రంగును ఎంచుకోవడం కంటే ముఖ్యం.