చెరువు ఆరోగ్యమే ఊరి ఆరోగ్యం



విరేచనాలతోనో, ఒంటి దురదలతోనో ఆస్పత్రికి వచ్చినవారిని మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరు ఏ నీళ్లు వాడుతున్నారు?" చాలామంది జవాబు ఊరి చెరువు దగ్గరికే వెళ్తుంది. మందు మేము ఇవ్వగలం. కాని చెరువు బాగుపడకపోతే అదే జబ్బు మళ్లీ వస్తుంది. అందుకే ఈసారి చెరువులోని కలుపు, పాచి, చెరువు కట్ట సంరక్షణ గురించి తెలుసుకుందాం.

చెరువు ఎందుకు పచ్చబడుతుంది?

మురుగు నీరు, పేడ, పొలాల ఎరువు, బట్టల సబ్బు చెరువులో కలిస్తే వాటిలోని నత్రజని, భాస్వరం నీటి మొక్కలకు ఆహారమవుతాయి. పైరును పెంచే యూరియాయే చెరువులో పాచిని పెంచుతుంది. కలుపు తీయడం జ్వరానికి మాత్ర వేయడం లాంటిది. మురుగును చెరువులోకి రాకుండా ఆపడమే అసలు వైద్యం.

గుర్రపుడెక్క

ఊదారంగు పూలు పూసే ఈ మొక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. అనుకూలమైన నీటిలో సుమారు 2 వారాల్లోనే రెట్టింపవుతుంది. దీని గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. ఇది నీటిని కప్పేస్తే వెలుతురు, గాలి అందక చేపలు చస్తాయి.

దోమలకూ ఇది ఆశ్రయమే. మాన్సోనియా అనే దోమ పిల్లలు గాలి కోసం నీటిపైకి రావు. గుర్రపుడెక్క, అంతరతామర వేళ్లకు గుచ్చుకొని అక్కడి నుంచే గాలి పీల్చుకుంటాయి. కేరళలోని చేర్తల ప్రాంతంలో ఒక రకం బోదకాలును వ్యాపింపజేసినవి ఈ దోమలే. మన వైపు బోదకాలును ఎక్కువగా మోసే క్యూలెక్స్ దోమ మురుగు నీటిలో పెరుగుతుంది. కలుపును, మురుగును రెంటినీ తొలగించాలని చెప్పేది ఇందుకే.

కలుపు తీసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

- పూత రాకముందే వేళ్లతో సహా తీయండి.
- తీసినదాన్ని గట్టు మీదే వదలవద్దు. కుళ్లి మళ్లీ చెరువుకే ఎరువవుతుంది. దూరంగా ఎండబెట్టి కంపోస్టు చేయండి.
- కలుపు మందు కొట్టవద్దు. నీరు పాడవుతుంది. చచ్చిన కలుపు కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలూ చస్తాయి.
- ఒంటరిగా నీటిలో దిగవద్దు. బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి. పుండ్లు, గాయాలు ఉన్నవారు దిగకపోవడం మంచిది. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల ఎలుక జ్వరం రావచ్చు. తర్వాత కొద్ది వారాల్లో జ్వరం వస్తే, చెరువులో దిగిన సంగతి డాక్టరుకు చెప్పండి.

పాచి

పాచి అంతా ప్రమాదకరం కాదు. కాని నీటిమీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్లు తెట్టు కడితే జాగ్రత్తపడాలి. అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. అందులో కొన్ని రకాలు విషాన్ని తయారుచేస్తాయి. దానివల్ల ఒళ్లు దురద, కళ్ల మంట, వాంతులు, విరేచనాలు వస్తాయి. కాలేయం కూడా దెబ్బతినవచ్చు.

ముఖ్యమైన మాట: నీళ్లు కాచితే క్రిములు చస్తాయి గాని ఈ విషం పోదు. గుడ్డతో వడకట్టినా పోదు. తెట్టు ఉన్నంత కాలం ఆ నీటిని తాగవద్దు, వంటకు వాడవద్దు. పిల్లలను ఈతకు, పశువులను నీటికి అక్కడికి పంపవద్దు. ఎవరికి వారు మైలుతుత్తం చల్లడం కూడా ప్రమాదమే. నాచు ఒక్కసారిగా చచ్చి, దానిలోని విషమంతా నీటిలో కలుస్తుంది.

కట్ట, తూము, అలుగు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. చెరువుకు ఉండకూడని దోషాలను అందులో చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం వాటిలో ఒకటి. అది నేటికీ నిజమే.

- కట్ట మీద గడ్డి ఉండాలి, చెట్లు ఉండకూడదు. మొక్కగా ఉన్నప్పుడే పీకేయండి. పెద్ద చెట్టును నరికితే వేళ్లు కుళ్లి నీటికి దారి ఇస్తాయి. కాబట్టి ముందుగా ఇంజనీరును అడగండి.
- ఎలుకల, ఎండ్రకాయల బొరియలను వానలకు ముందే మట్టితో గట్టిగా పూడ్చండి.
- కట్ట కింద తేటగా ఊరే నీటిని రోజూ గమనించండి. అది బురదగా మారితే కట్టలోని మట్టి కొట్టుకుపోతున్నట్లే. వెంటనే పంచాయతీకి, నీటిపారుదల శాఖకు తెలపండి. దిగువ ఇళ్లవారిని హెచ్చరించండి.
- అలుగును చెత్త లేకుండా ఉంచండి. ఎక్కువ నీరు నిలుస్తుందని దానిమీద ఇసుక బస్తాలు వేయవద్దు. పోవలసిన నీరు కట్ట మీదుగా పొర్లితే గండి పడుతుంది.
- పూడిక తీసేటప్పుడు కట్ట మొదట్లో తవ్వవద్దు.

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద ఎన్నో చెరువుల్లో పూడిక తీశారు. ప్రభుత్వం పూడిక తీయించగలదు. కాని ప్రతి ఏడూ బొరియ పూడ్చేది, మొక్క పీకేది, మురుగు మళ్లించేది ఊరివారే.

నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయంలో యెరూషలేము ప్రాకారాన్ని బాగుచేసినవారిలో పలువురు తమ ఇంటి ఎదుటి భాగాన్నే కట్టారు. మన చెరువుకూ అదే పద్ధతి సరిపోతుంది. కట్టను వాడవాడకూ పంచుకోండి. వానలకు ముందు ఒక శనివారం, వానల తర్వాత ఒక శనివారం అందరూ కలిసి పని చేయండి. మీ ఇంటి మురుగు ఎక్కడికి పోతోందో ఈ వారమే చూసుకోండి.