రక్తపరీక్ష బాగుంటే కడుపు బాగున్నట్లేనా?

జీర్ణాశయ క్యాన్సర్ సూచికలపై అపోహలు
ఎండోస్కోపీ, బయాప్సీలతోనే నిర్ధారణ

కడుపులో మంట, పుల్లటి త్రేన్పులు, నాలుగు ముద్దలకే పొట్ట నిండినట్లుండటం... గ్రామాల్లో వీటన్నింటికీ ఒకటే పేరు, 'గ్యాస్'. మందుల దుకాణంలో మాత్రలు కొని వేసుకుంటే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఇలా నెలలు గడిచాక కొందరు పట్టణంలోని ల్యాబ్‌లో 'క్యాన్సర్ రక్తపరీక్ష' చేయించుకుంటారు. అంకెలు మామూలుగా ఉంటే నిశ్చింతగా ఇంటికి చేరతారు. అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. జీర్ణాశయ క్యాన్సర్‌ను తొలిదశలో ఈ రక్తపరీక్షలతో నిర్ధారించడం సాధ్యం కాదు.

అంకెల అర్థమేమిటి?

క్యాన్సర్ కణాలు, కొన్నిసార్లు సాధారణ కణాలు కూడా విడుదల చేసే కొన్ని పదార్థాలను 'ట్యూమర్ మార్కర్లు' అంటారు. జీర్ణాశయ క్యాన్సర్‌లో సీఈఏ, సీఏ 19-9, సీఏ 72-4 అనేవి ముఖ్యమైనవి. వ్యాధి ముదరకముందు చాలామందిలో ఇవి పెరగవు. మరోవైపు, క్యాన్సర్ లేకున్నా పొగతాగేవారిలో సీఈఏ, పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినవారిలో సీఏ 19-9 పెరగవచ్చు. అందుకే వ్యాధిని కనిపెట్టేందుకు కాక, చికిత్స పనిచేస్తోందా, వ్యాధి తిరగబెడుతోందా అని గమనించేందుకే వైద్యులు వీటిని ప్రధానంగా వాడతారు.

మూలం ఓ సూక్ష్మజీవి

జీర్ణాశయ క్యాన్సర్‌కు ప్రధాన కారణాల్లో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఒకటి. ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లు 1982లో దీనిని వేరుచేసి పెంచగలిగారు. ఆమ్లం ఉండే కడుపులో క్రిములు బతకవని అప్పట్లో నమ్మేవారు. దాంతో మార్షల్ 1984లో ఆ క్రిములున్న ద్రావణాన్ని తానే తాగి, జీర్ణాశయ వాపు తెచ్చుకుని చూపారు. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీనిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. అయితే ఈ క్రిమి ఉన్నవారిలో అత్యధికులకు క్యాన్సర్ రాదు. ఉన్నట్లు తేలితే, వైద్యుల పర్యవేక్షణలో యాంటీబయాటిక్ మందులతో దీనిని నిర్మూలించవచ్చు.

ముప్పు చెప్పే పరీక్ష

ఈ క్రిమి ఏళ్ల తరబడి ఉంటే జీర్ణాశయ లోపలి పొర పలచబడుతుంది. అప్పుడు రక్తంలో పెప్సినోజెన్-1 అనే పదార్థం తగ్గిపోతుంది. జపాన్ పరిశోధకులు దీని ఆధారంగా, క్రిమి పరీక్షతో కలిపి, ఎవరికి ముప్పు ఎక్కువో అంచనా వేసే పద్ధతిని రూపొందించారు. అయితే ఇది క్యాన్సర్ ఉందని చెప్పే పరీక్ష కాదు. ఎవరికి ఎండోస్కోపీ అవసరమో సూచించేది మాత్రమే. ఈ వ్యాధి ఎక్కువగా ఉన్న దక్షిణ కొరియాలో 40 ఏళ్లు దాటినవారికి రెండేళ్లకోసారి జీర్ణాశయ పరీక్ష చేస్తారు.

ముక్కలోనే మందు జాడ

ఎండోస్కోపీలో సన్నటి గొట్టం ద్వారా జీర్ణాశయాన్ని నేరుగా చూస్తారు. అనుమానం ఉన్నచోట చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపుతారు. క్యాన్సర్ అవునో కాదో తేల్చేది ఇదే. వ్యాధి ముదిరినవారిలో ఆ ముక్కపైనే 'హెర్2' వంటి సూచికలను పరీక్షిస్తారు. 2010లో వెలువడిన 'టోగా' అధ్యయనంలో, హెర్2 అధికంగా ఉన్న రోగులకు కీమోథెరపీతోపాటు ట్రాస్టుజుమాబ్ మందు ఇచ్చారు. కీమోథెరపీ మాత్రమే పొందినవారిలో సగం మంది 11.1 నెలలకు మించి జీవించగా, ఈ మందు తోడైనవారిలో ఆ కాలం 13.8 నెలలకు పెరిగింది. క్లాడిన్ 18.2 అనే మరో సూచిక ఆధారంగా పనిచేసే జోల్బెటుక్సిమాబ్‌కు 2024లో జపాన్, అమెరికాలు అనుమతినిచ్చాయి. అందుకే బయాప్సీ నివేదికను, ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మెను పారేయకూడదు. తర్వాతి పరీక్షలకు అవి అక్కరకొస్తాయి.

ఎప్పుడు కదలాలి?

* కారణం లేకుండా బరువు తగ్గడం, ఆకలి మందగించడం
* మింగడం కష్టం కావడం, తరచూ వాంతులు
* తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, రక్తహీనత
* నడివయసు దాటాక కొత్తగా మొదలై, తగ్గని అజీర్తి

వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయక వైద్యుణ్ని కలవాలి. ఇనుము మాత్రలతోనూ విరేచనం నల్లబడవచ్చు కనుక వాడుతున్న మందులన్నీ చెప్పాలి. ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు లక్షణాలను కొంతకాలం కప్పిపుచ్చగలవు. మాత్రతో మంట తగ్గినంత మాత్రాన జబ్బు పోయినట్లు కాదు. తొలిదశలో బయటపడితే ఈ క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేసే అవకాశాలు మెండు. ఖర్చుకు జంకి ఆగిపోకుండా, ప్రభుత్వ పథకం వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.