ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్ ఎందుకు వేడెక్కుతుంది?

నేడు అనేక పాల సేకరణ కేంద్రాలలో పాల కొలత, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., సభ్యునికి రావలసిన సొమ్ము ల్యాప్‌టాప్‌లోనే నమోదవుతున్నాయి. పాలు పోసిన ప్రతి కుటుంబం శ్రమకూ లెక్క అందులోనే ఉంటుంది. కనుక ఆ యంత్రం బాగోగులు కార్యదర్శి ఒక్కరికే సంబంధించినవి కావు, సభ్యులందరూ తెలుసుకొనదగినవి.

సేకరణ జరుగుతున్నప్పుడు ల్యాప్‌టాప్ కొంత వెచ్చబడటం సహజమే. కాని సేకరణ ముగిసి, ఎవరూ మీట నొక్కకుండా ఉన్నప్పుడు కూడా దాని అడుగుభాగం చేయి పెట్టలేనంతగా కాలుతూ, ఫ్యాను హోరుమని తిరుగుతూ ఉంటే ఏదో లోపమున్నట్లే. నీడన పడుకున్న గేదె రొప్పుతూ ఉంటే మనం ఊరుకోము. ఒంట్లో జ్వరమున్నదా, లేక కొట్టంలో గాలి ఆడటం లేదా అని చూస్తాము. ఇక్కడ చూడవలసినవీ ఆ రెండే. మనకు కనబడకుండా యంత్రం లోపల ఏదైనా పని చేస్తూ ఉండవచ్చు. లేదా లోపల పుట్టిన వేడి బయటకు పోలేకపోతూ ఉండవచ్చు.

కారణం తేల్చుకొనుట

విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ అనే పట్టిక తెరపైకి వస్తుంది. అందులో సీపీయూ అనే శీర్షిక కింద శాతం కనబడుతుంది. రెండు మూడు నిమిషాలు ఏమీ తాకకుండా దానినే గమనించాలి. యంత్రం నిజంగా ఖాళీగా ఉంటే ఆ అంకె సాధారణంగా 10 లోపుగానే నిలుస్తుంది. 30, 40 లేదా అంతకు మించి తగ్గకుండా ఉంటే లోపల పని జరుగుతున్నదని అర్థం. అంకె తక్కువగా ఉండి కూడా యంత్రం కాలుతూ ఉంటే గాలి మార్గం మూసుకుపోయిందని భావించవచ్చు.

లోపల పని జరుగుతుంటే

సీపీయూ అనే శీర్షికపై నొక్కితే ఎక్కువ పని చేస్తున్న ప్రోగ్రాము పేరు పట్టిక పైభాగానికి వస్తుంది. అది విండోస్ అప్‌డేట్ గాని, యాంటీవైరస్ తనిఖీ గాని అయితే కంగారు పడనవసరం లేదు. ఛార్జరు పెట్టి, దాని పని పూర్తి కానివ్వాలి. బ్రౌజరులో తెరచి వదిలిన పేజీలను మూసివేయాలి. పాల లెక్కల ప్రోగ్రామును పొరపాటున రెండుసార్లు తెరచి ఉంచారేమో చూడాలి. పూట లెక్క భద్రపరచిన తరువాత ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేయాలి. కొన్ని యంత్రాలలో షట్‌డౌన్ చేసినా పాత స్థితిలో కొంత భాగం అలాగే నిలిచి ఉంటుంది. రీస్టార్ట్ చేస్తేనే పూర్తిగా కొత్తగా మొదలవుతుంది.

రీస్టార్ట్ చేసినా తెలియని పేరు అదేపనిగా పైన కనబడుతుంటే వైరస్ తనిఖీ పూర్తిగా జరిపించాలి. మన విద్యుత్తుతో, మన యంత్రంతో పరాయివారి లెక్కలు చేయించుకునే దొంగ ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. అయితే తెలియని పేరల్లా దొంగ కాదు. వాటిలో అనేకం విండోస్‌కు చెందినవే. తెలిసినవారిని అడగకుండా ఏదీ తొలగించరాదు. విండోస్ 10కు సాధారణ ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. అది వాడుతున్న సంఘాలు మరింత జాగ్రత్త వహించాలి.

వేడి బయటకు పోకుంటే

బల్క్ మిల్క్ కూలర్ కండెన్సరు రేకుల మధ్య దుమ్ము పట్టినప్పుడు కంప్రెసరు ఎడతెగకుండా తిరిగినా పాలు 4 డిగ్రీలకు త్వరగా దిగవు. ల్యాప్‌టాప్‌లోనూ అటువంటి సన్నని లోహపు రేకులే ఉన్నాయి. ప్రాసెసరు వేడిని రాగి గొట్టం ఆ రేకులకు చేరుస్తుంది, ఫ్యాను దానిని బయటకు తోస్తుంది. కార్యాలయంలోనే దాణా బస్తాలు నిల్వ చేస్తే ఆ దుమ్మంతా ఈ రేకులలోనే చేరుతుంది.

ల్యాప్‌టాప్‌ను గోనెసంచిపై, దుప్పటిపై, దిండుపై ఉంచరాదు. గట్టి బల్లపై ఉంచి, వెనుక భాగాన్ని చెక్క ముక్కలతో కొంచెం ఎత్తు చేస్తే అడుగున గాలి ఆడుతుంది. దుమ్ము తీసేముందు యంత్రాన్ని ఆపి, ఛార్జరు తీసివేయాలి. గాలి రంధ్రాలను మెత్తని పొడి కుంచెతో తుడవాలి. నోటితో ఊదితే తేమ చేరుతుంది. బ్లోయరుతో ఏకధాటిగా గాలి కొడితే ఫ్యాను అతివేగంగా తిరిగి చెడవచ్చు, కనుక కొద్దికొద్దిగా కొట్టాలి. అనేక సంవత్సరాలు వాడిన యంత్రంలో ప్రాసెసరుపై ఉండే పేస్టు ఎండిపోతుంది. దానిని మార్చడం మెకానిక్ చేయవలసిన పని.

అనేక ల్యాప్‌టాప్‌లు 35 డిగ్రీల వరకు గది వేడిలో వాడుకొనుటకు తయారైనవి. మన వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద, ఎండ పడే కిటికీ పక్కన ఉంచితే ఎంత మంచి యంత్రమైనా తాళలేదు. మూత మూసినంత మాత్రాన అది ఆగినట్లు కాదు. సంచిలో పెట్టేముందు తప్పక షట్‌డౌన్ చేయాలి.

ఒక ముఖ్య హెచ్చరిక

అడుగుభాగం గాని, మీటల పలక గాని ఉబ్బి కనబడితే బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. వెంటనే వాడకం, ఛార్జింగు ఆపివేయాలి. దానిని నొక్కరాదు, గుచ్చరాదు. నిప్పు అంటుకునే ప్రమాదం ఉన్నది. మెకానిక్ చేతనే తీయించాలి.

లెక్కల రక్షణ

వేడి మితిమీరితే ప్రాసెసరు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఇంకా పెరిగితే యంత్రం ఆగిపోతుంది. అది సేకరణ మధ్యలో జరిగితే సభ్యులు బారులు తీరి నిలబడవలసి వస్తుంది. అప్పటి లెక్క చెదిరితే డబ్బుతో పాటు సంఘంపై నమ్మకమూ దెబ్బతింటుంది. అందువల్ల ప్రతి పూటా సేకరణ ముగియగానే లెక్కల నకలు పెన్‌డ్రైవ్‌లో తీసి వేరుగా భద్రపరచాలి. చేతిరాత రిజిస్టరు, రాయుటకు ఒక మనిషి సిద్ధంగా ఉండాలి. సభ్యులు కూడా తమ చీటీలను బిల్లు చేతికి వచ్చేవరకు దాచుకోవాలి.

పాలకవర్గాలు నెలకొకసారి కూలరు కండెన్సరును శుభ్రం చేయించే రోజుననే ల్యాప్‌టాప్ గాలి రంధ్రాలనూ చూడమని కార్యదర్శులకు చెప్పవలసిందిగా కోరుతున్నాము. దీనికి పట్టేది పావుగంట మాత్రమే.