కొండ మీద ఫుట్‌బాల్: గాలి ఎవరి పక్షం?

ఈసారి నేను ఆటల గురించి రాస్తున్నాను. ఇందులో సైన్సు కూడా ఉంది. అందుకని ఆటలంటే ఇష్టం లేనివాళ్ళు కూడా చివరి దాకా చదవండి.

ఒకసారి మన కబడ్డీ జట్టు కింద మైదాన ప్రాంతానికి ఆటలకు వెళ్ళింది. అందులో నేనూ ఉన్నాను. అక్కడ ఎండ, ఉక్క. పది నిమిషాలకే మాకు నోరెండిపోయింది. ఓడిపోయాం. గట్టు మీద నిలబడినవాళ్ళెవరో "కొండోళ్ళు ఇక్కడేం ఆడతారు" అని నవ్వారు. ఆ మాట నాకు చాన్నాళ్ళు మనసులో ఉండిపోయింది.

తర్వాత పేపరులో ఆటల పేజీ చూశాను. 2025 సెప్టెంబరులో ప్రపంచ కప్పు అర్హత పోటీలో బొలీవియా జట్టు బ్రెజిల్‌ను 1-0 తో ఓడించిందని రాశారు. బ్రెజిల్ అంటే ఐదుసార్లు ప్రపంచ కప్పు గెలిచిన దేశం. బొలీవియా పేరు మాలో చాలామందికి తెలియనే తెలియదు. మరి ఎలా గెలిచింది? సైన్సు టీచరుని అడిగితే "ఆట ఎంత ఎత్తులో జరిగిందో ముందు చూడు" అన్నారు. అట్లాసు తీసుకుని చూశాను. అప్పుడు తెలిసిన సంగతులే ఇవి.

బొలీవియా ఎక్కడుంది?

దక్షిణ అమెరికాలో ఉంది. దానికి సముద్ర తీరం లేదు. పడమర వైపు ఆండీస్ పర్వతాలు ఉన్నాయి. ఆ పర్వతాల్లో లాపాజ్ అనే నగరం ఉంది. అక్కడి స్టేడియం సముద్ర మట్టానికి సుమారు 3,600 మీటర్ల ఎత్తులో ఉంది. అరకు లోయ సుమారు 900 మీటర్లు. అంటే ఒక అరకు మీద ఇంకో అరకు, అలా నాలుగు అరకులు పేరిస్తే లాపాజ్ అవుతుంది! మన తూర్పు కనుమల్లో పెద్ద కొండలు కూడా 1,700 మీటర్లు దాటవు. లాపాజ్ పక్కనే ఎల్ ఆల్టో అనే ఊరు ఉంది. అది ఇంకా పైన, 4,000 మీటర్లు దాటి ఉంటది. 2024 సెప్టెంబరు నుండి బొలీవియా అక్కడ కూడా అర్హత పోటీలు ఆడింది. బ్రెజిల్ ఓడింది అక్కడే.

ఎత్తులో గాలికి ఏమవుతుంది?

గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్ళు అని మనం చదువుకున్నాం. కొండ మీద కూడా అది 21 పాళ్ళే. మరి తేడా ఏమిటి? గాలే పలచబడుతుంది. కింద ఉన్న గాలి మీద పై గాలి బరువంతా పడుతుంది కాబట్టి అది ఒత్తుగా ఉంటది. పైకి పోయేకొద్దీ ఆ బరువు తగ్గుతుంది. లాపాజ్‌లో గాలి పీడనం సముద్ర తీరంలో ఉన్నదానికి సుమారు మూడింట రెండు వంతులే. అంటే తీరంలో మూడు సార్లు పీల్చితే వచ్చే ఆక్సిజన్‌కి అక్కడ నాలుగైదు సార్లు పీల్చాలి. అక్కడ నీళ్ళు కూడా 100 డిగ్రీలకు కాదు, 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకే అన్నమైనా దుంపలైనా ఉడకడానికి ఎక్కువ సేపు పడుతుంది.

ఇప్పుడు పరుగెత్తే మనిషి సంగతి చూడండి. కండరాలకు ఆక్సిజన్ కావాలి. చాలకపోతే ఆయాసం వస్తుంది, కాళ్ళు బరువెక్కుతాయి. ఒకసారి గట్టిగా పరుగెత్తాక మళ్ళీ పరుగెత్తడానికి ఎక్కువ సేపు పడుతుంది. కొందరికి తలనొప్పి, వాంతులు కూడా వస్తాయి. అక్కడివాళ్ళు దీన్ని సొరోచే అంటారు. ఇది కొండ ఎక్కిన కొన్ని గంటల తర్వాత ముదురుతుంది. అందుకే కొన్ని జట్లు ముందు శాంతా క్రూజ్ అనే పల్లపు నగరంలో దిగి, ఆట రోజున పైకి వచ్చి ఆడి, వెంటనే దిగిపోతాయి.

బంతికి కూడా తేడానే. పలచని గాలి బంతిని ఎక్కువగా ఆపదు. బంతి వేగంగా, దూరంగా పోతుంది. తీరంలో వంపు తిరిగే బంతి అక్కడ అంతగా వంపు తిరగదు. కింద నుండి వచ్చిన గోలీకి లెక్క తప్పుతుంది.

అక్కడివాళ్ళకు ఎందుకు కష్టం కాదు?

మనకు స్కూల్లో ఐరన్ మాత్రలు ఇస్తారు గదా. వాటి వల్ల హిమోగ్లోబిన్ పెరుగుతుందని చెబుతారు. ఆక్సిజన్‌ను మోసుకుపోయేది రక్తంలో ఉన్న ఆ హిమోగ్లోబినే. మనిషి ఎత్తులో ఉంటే మూత్రపిండాల నుండి ఒక హార్మోను ఎక్కువగా వస్తుంది. అది ఎముక మజ్జకు "ఎర్ర రక్త కణాలు ఇంకా తయారు చెయ్యి" అని కబురు పంపినట్టు పని చేస్తుంది. కానీ ఇది ఒక్క రోజులో జరగదు, వారాలు పడుతుంది. ఆండీస్‌లో తరతరాలుగా ఉంటున్న ఐమారా, కెచువా ఆదివాసులకు హిమోగ్లోబిన్ ఎక్కువ, ఊపిరితిత్తులు కూడా పెద్దవి. వాళ్ళ ఒళ్ళు ఆ గాలికి అలవాటు పడింది. వచ్చిన జట్టుకు ఆ టైం లేదు. అసలు తేడా అదే.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

సొంత ఊళ్ళో ఆడితే ఏ జట్టుకైనా కొంత లాభం ఉంటుంది. ప్రయాణం ఉండదు, తెలిసిన నేల, మనవాళ్ళ కేకలు. దక్షిణ అమెరికాలో 100 ఏళ్ళలో జరిగిన 1,460 ఆటలను పాట్రిక్ మెక్‌షారీ అనే ఆయన లెక్కగట్టి 2007లో బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. రెండు జట్లూ ఒకే ఎత్తు నుండి వస్తే సొంత జట్టు గెలిచే అవకాశం నూటికి 54 దాకా ఉంది. బొలీవియా, బ్రెజిల్ అంత తేడా ఉంటే అది 82 దాటుతుంది. ప్రతి 1,000 మీటర్ల తేడాకు సుమారు అర గోలు లాభం అన్నమాట.

1993 జులైలో లాపాజ్‌లో బొలీవియా బ్రెజిల్‌ను 2-0 తో ఓడించింది. అప్పటిదాకా బ్రెజిల్ ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో ఒక్కసారీ ఓడలేదు. ఆ పోటీల్లో గెలిచే బొలీవియా 1994 ప్రపంచ కప్పుకు వెళ్ళింది. 2009 ఏప్రిల్‌లో మెస్సీ ఆడిన అర్జెంటీనాను 6-1 తో ఓడించింది. ఆ జట్టు కోచ్ మారడోనా.

ఇది న్యాయమేనా?

2007లో ఫిఫా అనే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ 2,500 మీటర్ల పైన అంతర్జాతీయ పోటీలు జరగకూడదని చెప్పింది. ఆటగాళ్ళ ఆరోగ్యానికి మంచిది కాదు, ఆట సమానంగా ఉండదు అన్నది. అప్పుడు బొలీవియా అధ్యక్షుడు ఎవో మొరాలెస్. ఆయన ఐమారా ఆదివాసి. చిన్నప్పుడు లామాలు కాశాడు, మనలో కొందరు మేకలు కాసినట్టే. ఆయన ఊరుకోలేదు. సజామా అనే పర్వతం మీద సుమారు 6,000 మీటర్ల ఎత్తుకు పోయి ఫుట్‌బాల్ ఆడి చూపించాడు! మారడోనా కూడా 2008లో లాపాజ్ వచ్చి ఆయనకు మద్దతుగా ఆడాడు. 2008 మే నెలలో ఫిఫా ఆ నిషేధాన్ని ఆపేసింది.

నేను రెండు వైపులా ఆలోచించాను. వచ్చినవాళ్ళకు వాంతులు అవుతుంటే అది నిజమైన కష్టమే, కాదనకూడదు. కానీ కొలంబియా సంగతి చూడండి. దాని రాజధాని బొగొటా 2,600 మీటర్ల ఎత్తులో చల్లగా ఉంటది. అయినా ఆ జట్టు ఎక్కువగా సముద్ర తీరంలో ఉన్న బర్రాంకియాలో ఆడుతుంది. అక్కడ ఎండ, ఉక్క ఎక్కువ. వచ్చినవాళ్ళు చెమటతో అలసిపోతారు. అది కూడా సొంత గడ్డ లాభమే గదా? మరి ఎండను ఎవరూ నిషేధించలేదు. కొండను మాత్రం నిషేధించారు. లాపాజ్‌లో, ఎల్ ఆల్టోలో లక్షల మంది పుడుతున్నారు, బడికి పోతున్నారు, ఆడుకుంటున్నారు. వాళ్ళకది ఇల్లు. ఇంట్లో ఆడుకోవద్దంటే ఎలా?

కొండ ఒక్కటే చాలదు

ఇది కూడా రాయాలి. లేకపోతే నేను ఒక పక్షమే చెప్పినట్టు అవుతుంది. 1993లో లాపాజ్‌లో గెలిచిన బొలీవియా, నెల తర్వాత బ్రెజిల్‌కు వెళ్ళి 6-0 తో ఓడింది. 2023లో అర్జెంటీనా లాపాజ్‌కే వచ్చి 3-0 తో గెలిచింది. ఆ రోజు మెస్సీ కూడా ఆడలేదు. బంతిని బాగా పంచుకుంటూ, తక్కువ పరుగెత్తి ఆడితే ఎత్తులో కూడా గెలవచ్చు. ఇంకొకటి, 1993 తర్వాత బొలీవియా అర్హత పోటీల్లో బయటి దేశంలో ఒక్క ఆట కూడా గెలవలేదు. 31 ఏళ్ళు! చివరికి 2024 సెప్టెంబరులో చిలీలో 2-1 తో గెలిచింది. అర్హత పోటీల్లో ఒక్కో జట్టుకు 18 ఆటలు. తొమ్మిది ఇంటి దగ్గర, తొమ్మిది బయట. ఇంటి దగ్గర గెలిస్తే సగమే అయింది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇదంతా మా అమ్మకు చెప్పాను. అమ్మ చదువుకోలేదు, బొలీవియా ఎక్కడుందో తెలియదు. అంతా విని, "మన కొండ ఎక్కినోళ్ళు ఎవరైనా మొదట ఆయాసపడతారు. నువ్వు కింద బడికి పోయిన మొదట్లో జ్వరం పడి ఏడ్చావు గదా. ఇప్పుడు బాగానే ఉన్నావు" అంది. నిజమే. మొదట్లో నాకు తెలుగు పాఠం కూడా అర్థమయ్యేది కాదు. ఇంట్లో భాష వేరు, బడిలో భాష వేరు. టీచర్లు టైం ఇచ్చారు, నేర్చుకున్నాను. ఇప్పుడు గోడ పత్రికకు రాస్తున్నాను.

కాబట్టి మైదానంలో ఓడినప్పుడు మనం చేతకానివాళ్ళం అయిపోలేదు. మన ఒళ్ళు ఆ ఎండకు ఇంకా అలవాటు పడలేదు, అంతే. ఈసారి పోటీలకు మనల్ని రెండు వారాల ముందు నుండి మధ్యాహ్నం ఎండలో కొంచెం కొంచెంగా ఆడించమని పి.ఇ.టి. మేడంను అడుగుదామా? నీళ్ళు మాత్రం బాగా తాగాలి. ఎవరు వస్తారో నాకు చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని